అమ్మ కువైట్ వెళ్ళాక ఇంట్లో అన్నం ఎవరు వండారు? సర్వే ఫారంలో ఈ ప్రశ్న లేదు

లంకగాలి (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఎంఏ సోషియాలజీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి గల్ఫ్ వలస, ఆడవాళ్ళు అనే టాపిక్ తీసుకున్నాను. మాది కోనసీమ, అమలాపురం దాటి ఇంకా లోపలికి రావాలి. మా వీధిలో కువైట్‌కో మస్కట్‌కో బహ్రెయిన్‌కో వెళ్ళిన ఆడవాళ్ళు లేని ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మా అమ్మ కూడా అక్కడే ఉంది. 2014లో వెళ్ళింది, అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఆరు. మొదట్లో జీతం 70 దినార్లు, అప్పటి లెక్కలో సుమారు 15 వేలు.

నా సమస్య ఏంటంటే, గైడ్ గారు ఒక పాత ప్రాజెక్టు ఫారం ఇచ్చి దీన్ని కొంచెం మార్చి వాడుకో అన్నారు. ముందు మా ఇంట్లోనే నింపి చూద్దామని కూర్చున్నాను. మొదటి లైను "ఇంటి యజమాని పేరు". నాన్న పేరు రాశాను. తర్వాత "వలస వెళ్ళిన వ్యక్తి: యజమాని / కొడుకు / ఇతరులు". అమ్మని ఇతరుల్లో పెట్టాను. ఇంకో పేజీ తిప్పితే "వలస వెళ్ళిన వ్యక్తి భార్య ప్రస్తుతం ఏ పని చేస్తున్నారు?" అని ఉంది. భర్త ఏం చేస్తున్నాడని అడగడానికి ఎక్కడా గడి లేదు. అక్కడికి పెన్ను పక్కన పెట్టేశాను, ఇక నింపబుద్ధి కాలేదు.

పదకొండేళ్ళుగా మా ఇల్లు నడుస్తున్నది అమ్మ డబ్బు మీద. పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది, అప్పులు తీరాయి, నేను పీజీ దాకా వచ్చాను. నాన్న రొయ్యల చెరువుల మీద కాపలాకి వెళ్తారు, పని ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు లేదు. ఆయన చెడ్డవారు కాదు, కానీ అమ్మ వెళ్ళిన రోజు నుంచి ఇప్పటిదాకా పొయ్యి దగ్గరికి వెళ్ళింది లేదు. మాకు వండిపెట్టింది అమ్మమ్మ. నాకు పదమూడు వచ్చాక నేను. టెన్త్ పరీక్షలప్పుడు కూడా పొద్దున్నే అన్నం వార్చి, తమ్ముడికి క్యారేజీ కట్టి వెళ్ళేదాన్ని.

ఇంకోటి కూడా చెప్పాలి. మా పక్కింటి బాబాయి దుబాయ్ వెళ్ళేటప్పుడు ఊళ్ళో వాళ్ళంతా రోడ్డు దాకా వచ్చి సాగనంపారు. అదే ఏడాది అమ్మ వెళ్ళింది, తెల్లవారకముందే చీకట్లో ఆటో ఎక్కింది, ఎవరూ చూడకూడదని. బాబాయి వెళ్తే "కుటుంబం కోసం కష్టపడుతున్నాడు" అన్నారు. అమ్మ వెళ్తే "పిల్లల్ని వదిలేసి పోయింది" అన్నారు. ఇద్దరూ వెళ్ళింది డబ్బు కోసమే కదా.

క్లాసులో పుష్ ఫ్యాక్టర్లు, పుల్ ఫ్యాక్టర్లు అని చెప్తారు. ఇక్కడ పని లేదు, అక్కడ జీతం ఉంది, కాబట్టి వెళ్తారు. అది తప్పని అనను, కానీ మా అమ్మే ఎందుకు వెళ్ళింది, నాన్న ఎందుకు వెళ్ళలేదు, ఆవిడ వదిలి వెళ్ళిన పని ఎవరి మీద పడింది, ఇవేవీ అందులో దొరకవు. నేను ఏం అడగాలి, ఎవర్ని అడగాలి? ఇలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఈ సబ్జెక్టు తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

జగిత్యాల కోడలు

చెల్లీ, నీది చదివి నా సంగతి రాయాలనిపించింది. మీ దిక్కు ఆడవాళ్ళు పోతారు, మా దిక్కు మగవాళ్ళు పోతారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్ళల్లో దుబాయ్, సౌదీ, మస్కట్ పోనోళ్ళు తక్కువ. మా ఆయన పెళ్ళైన నాలుగో నెలలో పోయాడు. ఇప్పటికి పద్నాలుగేళ్ళు, అందులో నా కళ్ళ ముందు ఉన్నది అన్నీ కలిపితే ఏడాదిన్నర కూడా లేదు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు, అంతే.

మీ సార్ ఇచ్చిన ఫారంలో "వలస వెళ్ళిన వ్యక్తి భార్య ఏం పని చేస్తుంది" అన్న గడి ఉంది అన్నావు కదా, నా దగ్గరికి వచ్చి అడిగితే నేను ఏం రాయించాలి? పొద్దున నాలుగున్నరకి లేస్తాను. బర్రె పాలు పిండి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపి పొలం పోతాను. ఎకరంన్నర వరి. నీళ్ళు పెట్టేది నేను, మందు కొట్టే మనిషిని పిలిచేది నేను, వడ్లు కల్లంలో ఆరబెట్టి కొనుగోలు సెంటర్ దగ్గర మూడు రాత్రులు కావలి పడుకునేది నేను. మిగిలిన పొద్దు చాట ముందటేసుకొని బీడీలు చుడతాను. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, దారం కట్టి, వెయ్యి బీడీలు చెయ్యాలంటే నడుము పట్టేస్తుంది. అయినా ఇంటికి ఎవరన్నా సర్వేకి వస్తే మా మామయ్య చెప్పే మాట "కోడలు ఇంటికాడనే ఉంటది".

పట్టా ఆయన పేరు మీద ఉంది. పంట డబ్బులు ఆయన అకౌంట్లో పడతాయి. ఓటీపీ ఆయన నంబర్‌కి పోతుంది, ఆ సిమ్ము మరిది ఫోన్లో ఉంటుంది. పంట లోన్ రెన్యువల్‌కి బ్యాంకు పోతే పట్టాదారు రావాలి అన్నారు. ఆయన సౌదీలో ఉన్నాడు సార్, పంట పెట్టేది నేనే అంటే, నువ్వు రైతువి కాదమ్మా అని కౌంటర్ల కూసున్న పిల్లగాడు అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుకొస్తే గొంతు పట్టుకుంటుంది. పదేళ్ళుగా ఆ మడిలో నా అడుగు పడని రోజు లేదు.

మొదట్లో పైసలన్నీ అత్తమ్మ అకౌంట్‌కి వచ్చేవి. పిల్లకి జ్వరం వస్తే ఆటో కిరాయికి కూడా అడగాలి. మూడేళ్ళ తర్వాత కొట్లాడి నా అకౌంట్‌కి మార్పించుకున్నాను. అందుకే చెల్లీ, ఒక ప్రశ్న తప్పకుండా పెట్టు: పైసలు ఎవరి అకౌంట్లో పడతాయి, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంటుంది. ఈ రెండూ వేరు వేరు, విడిగా అడుగు. చాలా ఇళ్ళల్లో అకౌంట్ కోడలిది, కార్డు అత్తది.

ఇంకా ఫోన్. రాత్రి తొమ్మిదింటికి ఆయన వీడియో కాల్ చేస్తాడు. ఎత్తకపోతే ఎక్కడికి పోయినవ్ అని. పక్కింటి పెండ్లికి పోయినా ఫోన్ తిప్పి చూపెట్టాలి. ఆయనది ప్రేమనే, నేను కాదనను, ఒక్కడే పది మందితో రూములో పడి ఉంటాడు, భయం ఉంటుంది. కానీ నాలుగు వేల కిలోమీటర్ల నుంచి కూడా నా మీద కాపలా నడుస్తుంది. మగమనిషి పోతే ఆడదానికి స్వతంత్రం వచ్చింది అని రాసేవాళ్ళకి, అట్ల కాదు అని చెప్పు. కొంచెం వచ్చింది, ఆఫీసులకు పోవడం, పెద్దోళ్ళతో మాట్లాడటం నేర్చుకున్నాను, ఆయన సెలవు మీద వచ్చిన రెండు నెలలు మళ్ళీ వంటింట్లోకే.

సూటిమాట

బాధ అర్థమవుతోంది కానీ నా అభిప్రాయం చెప్తాను. ఆడవాళ్ళని గల్ఫ్ ఇళ్ళల్లో పనికి పంపడమే మొత్తానికి ఆపేయాలి. కొట్టారు, గదిలో పెట్టి తాళం వేశారు, జీతం ఇవ్వలేదు, ఏడుస్తూ వాట్సాప్ వీడియో పెట్టింది, పేపర్లో ఇలాంటివి చూస్తూనే ఉన్నాం. తెలిసి తెలిసి ఎందుకు పంపాలి? మగవాళ్ళంటే ఎలాగోలా తట్టుకుంటారు. ఇక్కడే డ్వాక్రా లోన్లు ఉన్నాయి, ఉపాధి హామీ ఉంది. ప్రభుత్వం గట్టిగా బ్యాన్ చేస్తే ఏజెంట్లకి కూడా బుద్ధొస్తుంది.

పాత డ్రైవర్

సూటిమాట అన్నా, మీరు మంచి మనసుతోనే అన్నారు, కానీ బ్యాన్ పెడితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. మాది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లో పన్నెండేళ్ళు ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేసి వచ్చాను. నాది కూడా ఖాదిం వీసానే, అంటే 20వ నంబరు వీసా. ఇంటి డ్రైవర్, వంటమనిషి, పనిమనిషి, తోటమాలి, అందరం అదే నంబరు. కంపెనీల్లో చేసేవాళ్ళది 18.

ఈ రెండు నంబర్ల తేడా తెలుసుకుంటే సగం సంగతి అర్థమవుతుంది. 18 వాళ్ళకి లేబర్ చట్టం ఉంది, రోజుకి 8 గంటలు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఆ చట్టంలోకి రారు. మాకోసం 2015లో 68వ నంబరు చట్టం తెచ్చారు. అందులో ఏముందంటే రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి ఒక నెల జీతంతో సెలవు, మానేసి వచ్చేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లు అన్నారు. కాగితం మీద మంచిదే. కానీ ఇంటి లోపలికి వచ్చి చూసేదెవరు? ఫ్యాక్టరీకి ఇన్‌స్పెక్టర్ వస్తాడు, వంటింటికి ఎవరూ రారు.

మగవాళ్ళు తట్టుకుంటారు అన్నారు కదా. ఒకే ఇల్లు, ఒకే బాబా (ఇంటి యజమాని), ఒకే నంబరు వీసా, అయినా నాకూ ఆ ఇంట్లో పనిచేసే అక్కకీ (మీ గోదావరి జిల్లా ఆవిడే) ఎంత తేడానో చెప్తాను. నేను కారు తీసుకుని పిల్లల్ని స్కూల్‌కి దింపి, బకాలాకి (కిరాణా కొట్టుకి) వెళ్ళి సరుకులు తెచ్చేవాణ్ణి. దారిలో మనవాళ్ళు కనిపించేవాళ్ళు, ఎక్కడ జీతం ఎక్కువ, ఎవరు మంచి కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని), ఆకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) రెన్యువల్ ఎప్పుడు, అన్నీ రోడ్డు మీదే తెలిసేవి. ఆ అక్క నాలుగేళ్ళలో ఆ గేటు దాటి ఒంటరిగా బయటికి వెళ్ళింది లేదు. సిమ్ కార్డు రీచార్జి కూడా నేనే చేయించేవాణ్ణి. రాత్రి ఆ ఇంటివాళ్ళు దీవానియా (కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు) నుంచి వచ్చేదాకా మేలుకుని ఉండాలి, ఒంటిగంటైనా రెండైనా. పొద్దున్న ఆరింటికి మళ్ళీ పిల్లల టిఫిన్. ఆమెకి బలం లేక కాదు, రోడ్డు లేక. మగవాడికి కష్టం వస్తే నలుగురికి తెలుస్తుంది, ఆమెకొస్తే ఆ నాలుగు గోడలకే.

ఇప్పుడు బ్యాన్ సంగతి. మన దేశంలో పది పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతుంది, అంటే గల్ఫ్ లాంటి దేశాలకి పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. అలాంటి పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషికి 30 ఏళ్ళు నిండకపోతే ఇంటిపనికి క్లియరెన్స్ ఇవ్వరు. మగవాడికి ఆ లెక్క లేదు. 2015 తర్వాత అయితే ఆడవాళ్ళని ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి అన్నారు, మన ఆంధ్రకి ఓంక్యాప్, తెలంగాణకి టామ్‌కామ్. ఉద్దేశం మంచిదే. కానీ మా పల్లెలో 26 ఏళ్ళ అమ్మాయి, భర్త తాగి పడుంటాడు, ఇద్దరు పిల్లలు, వడ్డీ నెల నెలా పెరుగుతుంటే ఆమె నాలుగేళ్ళు ఆగుతుందా? సబ్ ఏజెంటు వస్తాడు. విజిట్ వీసా అంటాడు, ముందు దుబాయ్ దిగు, అక్కడి నుంచి మావాళ్ళు చూసుకుంటారు అంటాడు. వయసు మార్చి కాగితాలు చేస్తాడు. ఆమె వెళ్తుంది. ఇప్పుడు ఆమెకి రిజిస్టర్ అయిన కాంట్రాక్టు లేదు, క్లియరెన్స్‌తో వెళ్ళేవాళ్ళకి ఉండే 10 లక్షల ప్రవాసీ బీమా లేదు, కష్టమొస్తే ఎంబసీ దగ్గర ఆమె పేరే లేదు. కాపాడటానికి పెట్టిన రూలు ఆమెని ఇంకా లోతుకి తోసింది.

ఇంట్లోంచి పారిపోయి వస్తే యజమాని పరారీ కేసు పెడతాడు, దాంతో ఆమె కల్లివెల్లి (కాగితాలు లేని మనిషి) అయిపోతుంది. ఆ తర్వాత ఔట్‌పాస్ (ఇంటికి తిరిగి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం) వచ్చేదాకానో, 2018లో, 2024లో ఇచ్చినట్టు క్షమాభిక్ష ఇచ్చేదాకానో దాక్కుని బతకాలి.

లంకగాలి చెల్లెమ్మా, నీ ప్రశ్నకి ఒక మాట. మగవాళ్ళని కూడా అడుగు. నేను అక్కడ పన్నెండేళ్ళు నా అన్నం నేనే వండుకున్నాను, బట్టలు నేనే ఉతుక్కున్నాను, మేడమ్ చెప్పినట్టు విన్నాను, చంటిపిల్లాడిని ఎత్తుకుని ఆసుపత్రి వరండాలో గంటలు తిరిగాను. ఊరొచ్చిన మొదటి రోజు మా ఆవిడ కంచంలో వడ్డిస్తే కూర్చుని తిన్నాను, కంచం అక్కడే వదిలి లేచాను. ఏడాది తర్వాత మా అమ్మాయి అడిగింది, నాన్నా నీకు వంట వచ్చు కదా, మరి అమ్మకి జ్వరమొస్తే నేనెందుకు బడి మానాలి అని. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి పొద్దున టిఫిన్ నేను చేస్తున్నాను. అత్తగారి ఊరివాళ్ళు ఎవరైనా వస్తే తలుపు దగ్గరగా వేసుకుంటాను, ఇంకా అంత ధైర్యం రాలేదు.

క్లాసు బయట

లంకగాలీ, నేను డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్తాను. నువ్వు పెన్ను పక్కన పెట్టావు చూడు, అక్కడే నీ ప్రాజెక్టు మొదలైంది. ఆ ఫారంని పారేయకు. ఒక చాప్టర్ దాని మీదే రాయి.

వలస అంటే మగవాడు వెళ్ళడం, ఆడది వెనక ఉండటం లేదా వెంట వెళ్ళడం అనే ఊహ చాలా పాతది, కానీ మొట్టమొదటి నుంచీ ఉన్నది కాదు. 1885లో రావెన్‌స్టీన్ బ్రిటన్ జనాభా లెక్కలు పట్టుకుని వలస సూత్రాలు రాసినప్పుడే దగ్గర దూరాలకి ఆడవాళ్ళే ఎక్కువ కదులుతున్నారని చెప్పాడు, ఇళ్ళల్లో పనికే కాదు, ఫ్యాక్టరీలకి కూడా. తర్వాత సిద్ధాంతాలు రాసినవాళ్ళు ఆ ముక్క పక్కన పెట్టేశారు. దాదాపు వందేళ్ళకి, 1984లో, మిర్యానా మొరొక్వసిచ్ లాంటివాళ్ళు గట్టిగా అడిగాక ఆడవాళ్ళు మళ్ళీ కనిపించడం మొదలైంది.

మన దేశం లెక్కలే చూడు. 2020-21 పీఎల్ఎఫ్ఎస్ (కేంద్రం చేసే ఉపాధి లెక్కల) సర్వేలో మగవాళ్ళలో వలస వచ్చినవాళ్ళు 10.7 శాతం, ఆడవాళ్ళలో 47.9 శాతం. అంటే ఈ దేశంలో ఊరు మారే మనిషి అంటే ముందు ఆడమనిషే. అయితే ఆ ఆడవాళ్ళలో 86.8 శాతం మందికి కారణం "పెళ్ళి" అని రాశారు. అబద్ధమని కాదు, పెళ్ళితోనే ఊరు మారారు. కానీ శ్రీకాకుళంలో పెళ్ళి చేసుకుని మొగుడితో హైదరాబాద్ వచ్చి, మూడో రోజు నుంచి నాలుగు అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమే అమ్మాయి కూడా ఆ గడిలోకే వెళ్తుంది. కారణం ఒకటే రాయాలి, పెళ్ళి అన్న మాట రాగానే పని అన్న మాట పోతుంది.

మన తెలంగాణ ఇటుక బట్టీలకి ఒడిశా బలంగీర్ వైపు నుంచి వచ్చేవాళ్ళని చూశావా? వాళ్ళని మనిషి లెక్కన కుదుర్చుకోరు. మొగుడు, పెళ్ళాం, ఒక పిల్లాడు, ముగ్గురు కలిపి ఒక "పథురియా", ఒక యూనిట్. అడ్వాన్సు మగవాడి చేతికిస్తారు. ఆమె మట్టి తొక్కుతుంది, అచ్చు దగ్గర కూర్చుంటుంది, మధ్యలో లేచి పొయ్యి వెలిగిస్తుంది, కానీ ఆమె పేరు మీద కూలీ అంటూ ఏదీ లేదు.

నీ టైటిల్లో ఉన్న అన్నం ప్రశ్నకి సోషియాలజీలో పేరుంది. ఇటలీలో, అమెరికాలో ఇళ్ళల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళ మీద రాసెల్ పరేన్యాస్ పరిశోధన చేశారు. దాన్ని ఆధారంగా తీసుకుని ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో "గ్లోబల్ కేర్ చైన్" అనే మాట వాడారు. ఒక దేశంలో తల్లి పిల్లలని చూసుకునే పని డబ్బిచ్చి ఇంకో దేశపు తల్లితో చేయించుకుంటుంది. ఆమె తన పిల్లల్ని తన ఊళ్ళో ఇంకొక ఆడమనిషికి, ఒక్కోసారి పెద్ద కూతురికి, అప్పగిస్తుంది. గొలుసులో కింది లంకెకి వచ్చేసరికి జీతం ఉండదు. నీ ఇంట్లో ఆ చివరి లంకె మీ అమ్మమ్మ, తర్వాత నువ్వు. గొలుసులో ఎక్కడా మగవాడి చేయి తగలదు, అది గమనించు. నాకైతే ఈ సిద్ధాంతంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అదే అనిపిస్తుంది.

పాత డ్రైవర్ గారు బ్యాన్ గురించి చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. నేపాల్ 2012లో 30 ఏళ్ళలోపు ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళకూడదని ఆపింది. వాళ్ళు ఆగలేదు, సరిహద్దు దాటి మన దేశం మీదుగా వెళ్ళారు. ఫిలిప్పీన్స్ కథ వేరు. 2018లో కువైట్‌లో వాళ్ళ పనిమనిషి శవం ఫ్రీజర్‌లో దొరికితే కొత్తవాళ్ళని పంపడం ఆపి, ఆ పట్టుతో కూర్చుని ఒప్పందం రాయించుకుంది, పాస్‌పోర్టు యజమాని తీసుకోకూడదు, ఫోన్ ఉంచుకోనివ్వాలి అని. పని మనుషుల హక్కుల మీద ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని వాళ్ళు 2012లోనే ఆమోదించారు. మనం ఇప్పటికీ ఆమోదించలేదు. మనం కువైట్‌తో ఒప్పందం రాసుకున్నది 2021 జూన్‌లో.

ఇంకో మాట, కులం గడి వదలొద్దు. ఇంటిపనికి ఎవరు వెళ్తారు, నర్సుగా ఎవరు వెళ్తారు, వెళ్ళకుండా వడ్డీకి డబ్బులిచ్చేది ఎవరు? భూమి ఎంత ఉందో కూడా పక్కనే రాసుకో. ఆడవాళ్ళందరి వలసా ఒకటే కాదు.

డల్లాస్ గోదారి

మాది డబ్బున్న వలస అనుకుంటారు కాబట్టి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో ఆరేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను, నా జీతం నాది. హెచ్4 మీద, అంటే అమెరికాలో హెచ్1బీ ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, ఇక్కడికొచ్చాను. వీసా లెక్కలో నేను "డిపెండెంట్". 2015 మే నుంచి హెచ్4 వాళ్ళకి ఈఏడీ (పని చేసుకోవడానికి అనుమతి) ఇస్తున్నారు, కానీ భర్త గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఐ-140 (కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయి ఉండాలి. మాకు అది రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళు నాకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు, నా పేరు మీద సెల్‌ఫోన్ ప్లాన్ కూడా లేదు. ఫోన్ చేస్తే ఊళ్ళో అందరూ "అదృష్టవంతురాలివి, రాణిలా కూర్చుంటున్నావు" అనేవాళ్ళు.

మీ అమ్మ వీసా కఫీల్‌కి కట్టేసి ఉంది, నాది మొగుడికి కట్టేసి ఉంది. రెండు కష్టాలూ ఒకటేనని అనడం లేదు, నాకు ఆకలి లేదు, ఎవరూ కొట్టలేదు. కానీ కొట్టే భర్త ఉన్న అమ్మాయి ఇక్కడ మాకు తెలుసు, కేసు పెడితే ఆయన ఉద్యోగం పోతుంది, దాంతో తన వీసా కూడా పోతుందని మూడేళ్ళు నోరు మూసుకుంది. నీ ఫారంలో "వీసా ఎవరి పేరు మీద నిలబడి ఉంది" అనే ప్రశ్న ఉండాలి చెల్లీ, కువైట్‌కైనా అమెరికాకైనా.

సూటిమాట

డ్రైవర్ అన్న రాసింది రెండుసార్లు చదివాను. 30 ఏళ్ళ రూల్ ఉందని, దానివల్ల విజిట్ వీసా దారి పట్టారని నాకు తెలియదు. బ్యాన్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ వెళ్ళేముందు ఆ 68వ చట్టంలో ఏముందో తెలుగులో రాసి మండల ఆఫీసులో అయినా పెట్టొచ్చు కదా, అది ఎవరూ ఎందుకు చెయ్యరు?

లంకగాలి

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న శుక్రవారం, అమ్మకి సెలవు. కాల్ చేస్తే రెండు గంటలు మాట్లాడింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని ప్రశ్న అడిగాను: అమ్మా, ఆ ఇంట్లో పిల్లలకి జడ ఎవరు వేస్తారు అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, వెళ్ళిన కొత్తలో ఆ ఇంటి చిన్న పాప నా వయసుదేనట. రోజూ పొద్దున తల దువ్వి రెండు జడలు వేసేదట, మొదటి నెలంతా ఆ పాప జుట్టు చేతిలో పట్టుకున్నప్పుడల్లా కళ్ళలో నీళ్ళు ఆగేవి కావట, ఆ పాప వెనక్కి తిరిగి చూస్తుందేమోనని మోచేత్తో తుడుచుకునేదట. ఆ పాపకి పోయినేడు పెళ్ళయింది, పెళ్ళికి కూడా జడ అమ్మే వేసిందట.

ఇక్కడ నాకు జడ వేసింది అమ్మమ్మ. ఆవిడకి చేతులు వణుకుతాయి, బడికి వెళ్ళేసరికి జడ వదులైపోయేది, అందుకని నాకు ఆరో తరగతిలో జుట్టు కత్తిరించేశారు.

ఇంకోటి కూడా అమ్మే చెప్పింది, నేను అడగలేదు. అప్పట్లో వీసా ముందు నాన్నకే చూశారట. డ్రైవింగ్ రాదు, ఫ్రీ వీసా (ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చని చెప్పి ఏజెంట్లు అమ్మేది) అంటే లక్షన్నర అడిగారు. ఆడవాళ్ళ ఇంటిపని వీసాకి యజమానే ఖర్చు పెట్టుకుంటాడు, ఏజెంటుకి ఇరవై వేలు చాలు అన్నారట. అంటే మా ఇంట్లో అమ్మ వెళ్ళడానికి కారణం ఆవిడని పంపడం చవక. పుష్ ఫ్యాక్టర్, పుల్ ఫ్యాక్టర్ అన్న చోట ఇది ఎలా రాయాలో ఇప్పుడు తెలిసింది.

ఫారం మొత్తం తిరగరాశాను. "ఇంటి యజమాని" తీసేసి "ఈ ఇంటికి డబ్బు తెచ్చేది ఎవరు, ఖర్చు నిర్ణయించేది ఎవరు" అని రెండు పెట్టాను. అకౌంటు, ఏటీఎం కార్డు విడిగా. వీసా ఎవరి పేరు మీద ఉంది, వెళ్ళడానికి ఎంత ఖర్చయింది, ఆ అప్పు ఎవరు తీర్చారు. వెళ్ళినవాళ్ళు ఇంట్లో చేసే పనులన్నీ ఒక వరసలో రాసి, పక్కన "ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, వాళ్ళ వయసెంత" అని. కులం, భూమి గడులు కూడా పెట్టాను. గైడ్ గారు మొదట పేజీలు ఎక్కువయ్యాయి అన్నారు, మా ఇంటిదే నింపి చూపిస్తే చదివి సరే, ముప్పై ఇళ్ళు చెయ్యి అన్నారు.

క్లాసు బయట గారూ, ఆడపిల్లలు మధ్యలో చదువు మానేసిన ఇళ్ళని ఎలా అడగాలో మీతో విడిగా మాట్లాడాలి, నేరుగా అడిగితే తల్లులు బాధపడతారని భయంగా ఉంది. డ్రైవర్ అన్నయ్యా, ఆ 68వ చట్టంలో పాయింట్లు మీకు తెలిసినవి వరసగా రాసి పెట్టండి, నేను తెలుగులో ఒక కాగితం మీద వేయించి వెళ్ళిన ప్రతి ఇంట్లో ఇస్తాను. జగిత్యాల అక్కా, కోనసీమతో పాటు మీ ఊరు కూడా ఒకటి పెట్టుకుందామనుకుంటున్నాను, సంక్రాంతి సెలవుల్లో వస్తాను. మీకు ఏ వేళ కుదురుతుందో చెప్పండి, మీరు బీడీలు చుడుతూ మాట్లాడినా సరే, పక్కన కూర్చుని దారం కట్టడం నేర్చుకుంటాను.